వరికొయ్యల పొగ – దమ్ము మనిషి



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ఏ ఊరికి పోయినా, అరుగు మీద మోకాళ్ళకు చేతులానించి కూర్చున్న పెద్దమనిషి ఒకరు కనబడతాడు. మాట నడుమ ఆగి గాలి పీల్చుకుంటాడు. "ఆయనకు దమ్ము" అంటారు ఇంట్లోవాళ్ళు. చలికాలంలో ఆ దమ్ము ఎందుకు ముదురుతుందో, అందులో మన పొలం పాలెంతో ఈ పూట చెప్పుకుందాము.

దమ్ము అన్నదంతా ఒకే జబ్బు కాదు. ఉబ్బసం వచ్చిపోతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి పొగ పీల్చినవారికి వచ్చి, ఇక పోకుండా నిలిచిపోయేది మరొకటి. డాక్టర్లు దానిని సీఓపీడీ అంటారు. బీడీ ముట్టని ఆడవారికి కూడ వస్తుందా? వస్తుంది. పత్తికట్టె, పిడకలు పెట్టి ముప్పయి ఏండ్లు వంట చేసిన తల్లి పీల్చిన పొగ తక్కువదా?

కమ్మరి కొలిమితిత్తిని చూచినారు గదా. నొక్కితే గాలి అంతా బయటికి పోవలె, అప్పుడే మళ్ళీ నిండుతుంది. ఈ జబ్బులో గాలిగొట్టాలు ఇరుకై, ఊపిరితిత్తుల సాగుడు తగ్గి, పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. పాత గాలి పోనిదే కొత్త గాలికి చోటెక్కడిది? అందుకే ఆ మనిషికి ఊపిరి వదలడమే కష్టం.

ఇక పొగ సంగతి. జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళతో మన వైపు వరి పెరిగినది, సంతోషమే. కాని కోత మిషను కొయ్యలను ఎత్తుగా వదిలిపోతుంది. యాసంగి నాట్లకు తొందరపడి అగ్గిపుల్ల గీస్తాము. ఆ పొగలోని సన్నని నుసి రెండున్నర మైక్రాన్లకు లోపే. తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడ ఉండదు. ముక్కులో ఆగదు, నేరుగా లోపలికి పోతుంది. తడి తువ్వాలు కట్టినా ఆగదు. ఎన్-95 మాస్కు బిగువుగా పెట్టుకుంటే చాలావరకు ఆగుతుంది. ఈ నుసి ఘనపు మీటరు గాలిలో రోజు సగటున 60 మైక్రోగ్రాములు మించరాదని మన దేశంలో 2009లో నిర్ణయించినారు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో 15 అన్నది.

చలికాలపు రాత్రి నేల చల్లబడి పొగ పైకి లేవదు, ఊరిమీదనే పరుచుకుంటుంది. కాబట్టి దమ్మున్నవారు తెల్లవారుజామున బయట తిరగరాదు. ఎండెక్కి పొగ చెదిరినాక తిరగవచ్చును. బుడ్డలు నూర్చేచోట, మిరపకల్లంలో వారిని కూర్చోబెట్టకండి. పీల్చే మందును, కాస్త తేలికపడ్డదని మానకండి. చాలామంది చేసే తప్పు ఇదే.

గల్ల ఎక్కువై పసుపు, పచ్చ రంగుకు తిరిగినా, ఆయాసం మునుపటికన్న పెరిగినా ఆ రోజే డాక్టరుకు చూపండి. పెదవులు నీలిరంగు పడినా, నాలుగు మాటలు కూడ పలకలేకపోయినా 108కి ఫోను చేయండి. వనపర్తిలో, నాగర్‌కర్నూలులో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనవి. వెనుకటి వలె ప్రతిదానికి హైదరాబాదు దారి పట్టనక్కర లేదు.

కొయ్యలకు నిప్పు లేని ఉపాయమున్నది. మడికి నీరు పెట్టి, ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు చల్లి కలియదున్నితే అవి త్వరగా కుళ్ళి ఎరువవుతాయి. ఖర్చు లేదని అనను, దున్నకం కూలి పడుతుంది. కాని అంటిస్తే బుగ్గయ్యేది మన నేలకు చెందవలసిన సత్తువే.

ఒకవేళ పక్క మడివారు అంటించేటట్లుంటే, ముందురోజే ఒక మాట చెప్పమనండి. ఆ రాత్రికి పెద్దాయనను గాలికి ఎదురుదిక్కున ఉన్న చుట్టాలింట్లో పడుకోబెట్టవచ్చును.