బ్రేక్ ఫ్లూయిడ్: నంబర్ చూసి పోయించేస్తున్నారా? రోజూ తిరిగే కారుకు, అప్పుడప్పుడు ట్రాక్‌కు వెళ్లే కారుకు ఏది బెస్ట్ అంటే..

ఇంజిన్ ఆయిల్ ఏ గ్రేడ్ పోయించారో చాలామందికి గుర్తుంటుంది. టైర్లలో గాలి కూడా చెక్ చేసుకుంటారు. కానీ బ్రేక్ ఫ్లూయిడ్ చివరిసారి ఎప్పుడు మార్చారని అడిగితే మాత్రం చాలామంది దగ్గర సమాధానం ఉండదు. ఆఫీసుకు, స్కూల్‌కు తిరిగే కారుకు ఈ నిర్లక్ష్యం వెంటనే బయటపడకపోవచ్చు. అదే కారును ట్రాక్ డేకి తీసుకెళ్తే మాత్రం పది నిమిషాల్లో బయటపడుతుంది. అసలు డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 అంటే ఏంటి? ఏది పోయించాలి? ఓసారి చూద్దాం.

పెడల్ ఎందుకు కిందకు పోతుంది?

బ్రేక్ పెడల్ తొక్కితే ఆ ఒత్తిడిని చక్రాల దాకా మోసుకెళ్లేది ఈ ద్రవమే. ద్రవాన్ని నొక్కితే కుంచించుకుపోదు. అందుకే కాలి బలం నేరుగా బ్రేక్ ప్యాడ్‌కు చేరుతుంది. అయితే బ్రేకులు బాగా వేడెక్కి ఫ్లూయిడ్ మరిగిందంటే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి మాత్రం నొక్కితే కుంచించుకుపోతుంది. అప్పుడు పెడల్ స్పాంజిలా మెత్తగా మారుతుంది. పరిస్థితి మరీ ముదిరితే ఫ్లోర్‌కు తగులుతుంది.. కారు మాత్రం ఆగదు. దీన్నే వేపర్ లాక్ అంటారు.

ఆ వేడి ఎంత ఉంటుందో చిన్న లెక్క చూడండి. 1,200 కిలోల కారు గంటకు 120 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే పుట్టే వేడి సుమారు రెండు లీటర్ల నీళ్లను మరిగే స్థాయికి తెచ్చేంత! పైగా వేగం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు అవుతుంది. సిటీలో ఒకసారి గట్టిగా బ్రేక్ వేశాక చల్లారడానికి టైమ్ దొరుకుతుంది. ట్రాక్ మీద ఆ టైమ్ ఉండదు. స్ట్రెయిట్ అయిపోగానే మలుపు, మళ్లీ బ్రేక్.

డాట్ నంబర్ల వెనుక అసలు లెక్క

డాట్ అంటే అమెరికా రవాణా శాఖ పేరుకు పొట్టి రూపం. ఈ ప్రమాణంలో ఒక్కో గ్రేడ్‌కు రెండు మరుగు స్థానాలు ఉంటాయి. సీల్ తీసిన కొత్త ఫ్లూయిడ్‌ది డ్రై పాయింట్. సుమారు 3.7 శాతం నీరు చేరిన ఫ్లూయిడ్‌ది వెట్ పాయింట్. కనీసం ఉండాల్సిన డిగ్రీలు (సెల్సియస్‌లో) ఇవీ..

- డాట్ 3: డ్రై 205, వెట్ 140
- డాట్ 4: డ్రై 230, వెట్ 155
- డాట్ 5.1: డ్రై 260, వెట్ 180

ఇంతకీ నీరు ఎలా చేరుతుంది? ఈ మూడు రకాలూ గ్లైకాల్ ఆధారంగా తయారయ్యేవే. ఇవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. మూత గట్టిగా బిగించి ఉన్నా రబ్బరు గొట్టాల గుండా కూడా తేమ మెల్లగా లోపలికి చేరుతుంది. విశాఖ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అక్కడ ఇంకాస్త జాగ్రత్త అవసరం.

ఇప్పుడు పై లెక్కను మరోసారి చూడండి. నీరు పట్టిన డాట్ 5.1 మరిగేది 180 డిగ్రీల దగ్గర కావచ్చు. కానీ కొత్త డాట్ 3 కనీసం 205 దాకా తట్టుకుంటుంది. అంటే ఏళ్ల తరబడి మార్చని ఖరీదైన ఫ్లూయిడ్ కంటే కొత్తగా పోసిన మామూలు ఫ్లూయిడే నయం. డబ్బా మీద నంబర్ కన్నా మార్చిన తేదీ ముఖ్యం అనేది ఇందుకే.

రోజువారీ డ్రైవింగ్‌కు ఏది?

రిజర్వాయర్ మూత మీద, ఓనర్స్ మాన్యువల్‌లో ఏ గ్రేడ్ అని రాసి ఉంటుందో అదే వాడాలి. డాట్ 4 అని ఉంటే డాట్ 3 పోయించొద్దు. చాలా కార్లలో రెండేళ్లకోసారి పూర్తిగా మార్చమని కంపెనీలు చెబుతాయి. తిరుమల, శ్రీశైలం ఘాట్ రోడ్లలో తరచూ తిరిగేవారు ఈ గడువు అస్సలు దాటనివ్వొద్దు. ఫుల్ లోడ్‌తో కొండ దిగేటప్పుడు బ్రేక్ మీదే కాలు పెట్టి ఉంచితే అక్కడా ఫ్లూయిడ్ మరగొచ్చు. కింది గేర్‌లో దిగడమే సేఫ్.

అప్పుడప్పుడు ట్రాక్‌కు వెళ్తే?

తెలుగు రాష్ట్రాల నుంచి చెన్నై శివార్లలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు సొంత కారులో వెళ్లేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. సాయంత్రం అదే కారులో హైవే మీద ఇంటికి రావాలి. సోమవారం పిల్లల్ని అదే కారులో దింపాలి. కాబట్టి రెండు పనులకూ సరిపోయేదే ఎంచుకోవాలి.

ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లేవారికి మంచి మరుగు స్థానం ఉన్న డాట్ 4 గానీ, కంపెనీ అనుమతిస్తే డాట్ 5.1 గానీ సరిపోతుంది. ఉదాహరణకు ఏటీఈ టైప్ 200 అనేది డాట్ 4 రకమే అయినా దాని డ్రై పాయింట్ 280, వెట్ పాయింట్ 198 డిగ్రీలు. ట్రాక్ డేకి కొన్ని రోజుల ముందు కొత్తది పోయించి, గాలి బుడగలు లేకుండా బ్లీడింగ్ చేయిస్తే సగం పని అయిపోయినట్టే.

మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటి రేసింగ్ ఫ్లూయిడ్స్ డ్రై పాయింట్ 300 డిగ్రీలు దాటుతుంది. తరచూ ట్రాక్‌కు వెళ్లేవారికి ఇవి ఉపయోగమే. కానీ వీటిని మామూలు వాటికంటే త్వరగా మార్చాలి. ఒకసారి పోయించి మర్చిపోయే అలవాటున్నవారికి ఆ డబ్బు దండగే. మరో విషయం.. కొన్ని కార్లలో ఏబీఎస్, ఈఎస్‌పీ కోసం పల్చని ఫ్లూయిడే వాడాలని కంపెనీ చెబుతుంది. అలాంటప్పుడు మరుగు స్థానం ఒక్కటే చూసి చిక్కటి ఫ్లూయిడ్ పోయించొద్దు.

ఈ తప్పులు చేయొద్దు

- డాట్ 5, డాట్ 5.1 ఒకటి కాదు. డాట్ 5 సిలికాన్‌తో తయారవుతుంది. దాన్ని మిగతా వాటితో కలపకూడదు.
- ఎప్పుడో సీల్ తీసి పక్కన పెట్టిన డబ్బాలోది పోయొద్దు. అది అప్పటికే తేమ పీల్చుకుని ఉంటుంది.
- లెవెల్ తగ్గిందని పైపైన నింపేసి ఊరుకోవద్దు. ప్యాడ్లు అరిగాయా, ఎక్కడైనా లీక్ ఉందా చూపించుకోవాలి.
- ఇంజిన్ ఆయిల్ లాంటివి పొరపాటున కూడా పోయొద్దు. రబ్బరు సీల్స్ ఉబ్బి పాడవుతాయి.
- కారు పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయాలి.

తేడా ఇలా తెలుసుకోండి

పెడల్ గట్టిగానే ఉన్నా కారు సరిగా ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కాయని అర్థం. అదే పెడల్ మెత్తబడి లోపలికి పోతుంటే ఫ్లూయిడ్ మరిగిందని అనుమానించాలి. వెంటనే వేగం తగ్గించి ట్రాక్ బయటకు వచ్చేయాలి. వేడి మీదున్నప్పుడు హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేర్‌లో పెట్టి చల్లారనివ్వాలి.

చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడినట్టు అనిపిస్తుంది. అక్కడే చాలామంది మోసపోతారు. ఒకసారి మరిగిన ఫ్లూయిడ్‌ను నమ్మడానికి లేదు. దాన్ని మార్చి, బ్లీడింగ్ చేయించాకే హైవే ఎక్కడం మంచిది. బైకులకూ ఇదే రూల్. డిస్క్ బ్రేక్ బైకుల్లో ఫ్లూయిడ్ చాలా తక్కువ ఉంటుంది కాబట్టి గడువు విషయంలో ఇంకా పట్టుగా ఉండాలి.

ఈసారి సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు బ్రేక్ ఫ్లూయిడ్‌లో తేమ ఎంతుందో టెస్టర్‌తో చూపించమని అడగండి. రంగు చూసి బాగానే ఉందంటే ఒప్పుకోవద్దు. మార్చిన తేదీని ఒక స్టిక్కర్ మీద రాసి బానెట్ లోపల అంటించుకుంటే, మళ్లీ ఎప్పుడు మార్చాలో వెతుక్కోవాల్సిన పని ఉండదు.