గర్భసంచి పోతే ఆడతనం పోతుందా?

‘గర్భసంచి తీసేశారమ్మా, ఇంక నేనేం ఆడదాన్ని’ అని నిట్టూర్చేవాళ్ళు మనలో తక్కువేం కాదు. ఆ ‘నేను’ దేన్ని పట్టుకుని ఉందో కాస్త చూద్దాం.

విలియం జేమ్స్ అనే అమెరికా పండితుడు 1890లో మనస్తత్వశాస్త్రం మీద పెద్ద గ్రంథం రాశాడు. మనిషి ‘నేను’ అనుకునేదాంట్లో ముందు ఒళ్ళు, తర్వాత కట్టుకునే బట్ట, ఆపైన కుటుంబం, ఇల్లు, కూడబెట్టిన సొత్తు అన్నీ చేరతాయన్నాడాయన. అందుకే ఒంట్లో ఏ భాగం తీసేసినా, చేతిగాజు పోయినా మనమే కొంత తరిగిపోయినట్టుంటుంది.

అసలు సంగతేమిటంటే, గర్భసంచి తీస్తే నెలసరి ఆగుతుంది, కాన్పు ఉండదు. స్త్రీ హార్మోన్లు ముఖ్యంగా తయారయ్యేది అండాశయాల్లో. ముట్లుడగక ముందే వాటినీ తీసేస్తే ఒంట్లో ఆవిర్లు, లోపల పొడిబారడం, నిద్రలేమి ఒక్కసారిగా వచ్చిపడతాయి. వాటికి మందులున్నాయనుకోండి. అయినా ఆపరేషనుకి ఒప్పుకునేముందే ‘అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? ఎందుకు?’ అని డాక్టరుగారిని నోరు విప్పి అడగండి.

మరి దాంపత్యం? గాయం మానాక, మామూలుగా ఆరు వారాలు దాటాక, డాక్టరు సరేనంటే అడ్డేమీ లేదు. కోరిక ఉండేది గర్భసంచిలో కాదమ్మా! ఈ ముక్క మగవాళ్ళకి ఎవరూ చెప్పరు. ఏమవుతుందోనని ఆయన దూరంగా పడుకుంటాడు, తను అక్కర్లేకుండా పోయానని ఆవిడ కుమిలిపోతుంది. సిగ్గుపడకుండా ఆయన్ని కూడా డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకు వెళ్ళండి.

ఇక సొత్తు. ఆసుపత్రి ఖర్చనగానే ముందు కదిలేవి మన గాజులే కదా. స్త్రీధనం అత్తవారి బీరువాలో ఉన్నా భార్యదేనని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇవ్వాలా వద్దా అన్నది మన ఇష్టం. తాకట్టు పెట్టాల్సివస్తే రసీదు మీ పేరనే రాయించి, మీ దగ్గరే దాచుకోండి.