రేగడి క్రింది సముద్రతీరం

సముద్రస్నానానికి సూర్యలంకకో, ఓడరేవుకో వెళ్ళినవారిలో, తిరిగి వచ్చేటప్పుడు నాలుగు గవ్వలైనా ఏరుకొని రానివారు అరుదు. ఈ సరదాకు సోదరి వంటి వ్యాసంగం మరొకటి ఉన్నది. అది శిలాజాల అన్వేషణ. ఒకప్పటి ప్రాణి దేహమో, దాని ముద్రయో రాతిలో నిలిచిపోయినచో దానిని శిలాజమంటారు.

ఇంగ్లండులోని లైమ్ రీజిస్ అనే తీరపట్టణం ఈ వ్యాసంగానికి పెట్టినది పేరు. అక్కడ కడలి ఒడ్డున ప్రాచీన శిలలతో కూడిన కొండచరియలున్నవి. తుఫానులకు అవి విరిగిపడగా, అలలు మట్టిని కడిగివేసి లోపలి శిలాజాలను ఒడ్డున వదలుతవి. మేరీ యానింగ్ అనే ఒక వడ్రంగి కుమార్తె వాటిని సేకరించి, అమ్ముకొని జీవించినది. 1823లో ఆమె వెలికితీసిన ప్లీసియోసార్ అనే సముద్రసరీసృపపు అస్థిపంజరం విద్వాంసులను ఆశ్చర్యపరచినది.

మన తీరాన అటువంటి చరియలు లేవు. ఇక్కడ ఉన్నది నదులు తెచ్చిన ఒండ్రు, అలలు పేర్చిన ఇసుక. బాపట్ల, చీరాల ప్రాంతాలలో ఒడ్డుకు దూరంగా కనిపించే ఇసుకదిబ్బల వరుసలు పూర్వపు తీరరేఖలే. అయినను వాటి వయస్సు కొన్ని వేల ఏండ్లు మాత్రమే. వాటిలోని గుల్లలు సున్నపు బట్టీకి పనికివచ్చును గాని, ఇంకా రాయి కాలేదు.

మరి మనకు శిలాజాలిచ్చే తీరమెక్కడ? అది ప్రత్తి, మిరప పండే మైదానంలో, నల్లరేగడి అడుగున ఉన్నది. ఒంగోలు ప్రాంతంలోని మూడు గ్రామాల పేర్లు భూవిజ్ఞానంలో శిలల పేర్లయినవి: బుడవాడ ఇసుకరాయి, వేమవరం షేలు, పావులూరు ఇసుకరాయి. షేలు అనగా బురద పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడిన రాయి. ఉలి మొన సోకితే పుస్తకపు పుటలవలె విడిపోతుంది. వేమవరపు పుటలలో పక్షి ఈకను తలపించే టైలోఫిల్లం ఆకుల ముద్రలున్నవి. ఈ ప్రాంతపు శిలలను గురించి బ్రూస్ ఫుట్ వ్రాసిన గ్రంథమూ, ఆకులను గురించి ఫైస్ట్‌మాంటెల్ వ్రాసిన గ్రంథమూ 1879లోనే వెలువడినవి.

ఆకులను బట్టి ఆనాటి పండితులు ఈ శిలలను జురాసిక్ యుగానివిగా భావించినారు. కాని బుడవాడ రాళ్ళలో అమ్మొనైట్లు కూడ దొరికినవి. అమ్మొనైట్ సముద్రజీవి, దాని గుల్ల పొట్టేలు కొమ్మువలె చుట్టుకొని ఉంటుంది. గండకీనది సాలగ్రామాలు అనేకంలో మనం దర్శించే చక్రం ఈ జాతి జీవిదే. లండనులోని స్పాత్ పండితుడు 1933లో బుడవాడ గుల్లలను వర్ణించి, వాటిలో ఒకదానికి పాస్కోయైటిస్ బుడవాడెన్సిస్ అని నామకరణం చేసినాడు. ఈ గుల్లల సాక్ష్యం వల్ల శిలల కాలం మారిపోయినది. ఇవి జురాసిక్ తరువాతిదైన క్రిటేషియస్ యుగపు తొలిభాగానివనీ, సుమారు 12 కోట్ల ఏండ్ల నాటివనీ తేలినది. భారతభూమి అంటార్కిటికా నుండి విడివడగా, ఆ నడుమ బంగాళాఖాతం రూపుదిద్దుకొంటున్న కాలమది. నేలమీది ఆకూ, నీటిలోని గుల్లా ఇక్కడి శిలలలోనే దొరుకుటచే, నాడు ఇది లోతులేని సముద్రపు అంచు అని ఊహించగలుగుతున్నాము.

ఒక చిన్న గుల్ల ఇంత చెప్పగలిగినదంటే, అది దొరికిన తావు తెలియుట వల్లనే. ఊరు పేరు లేకుండ ఎవరి బల్లమీదనో కూర్చున్నట్లయితే అది కాగితాలు ఎగిరిపోకుండ ఉంచే బరువు మాత్రమే అయి ఉండేది. జిల్లా పేరు ఒక్కటే వ్రాసినా చాలదు. 1904లో గుంటూరు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లా, 2022లో బాపట్ల జిల్లా ఏర్పడినవి. హద్దులు మారుతూనే వచ్చినవి. నిలిచినది గ్రామం పేరే.

కాబట్టి ఈ వ్యాసంగానికి ప్రథమ పరికరం సుత్తి కాదు, నోటుపుస్తకం. రైతు అనుమతి లేనిదే పొలంలో అడుగు పెట్టరాదు, బావులలోకి దిగరాదు. త్రవ్విపోసిన మట్టికుప్పలను వెదకుట క్షేమం. ముద్ర కనిపించినచో, రాయి రెండు బద్దలనూ కలిపి కాగితంలో చుట్టి, అంకె వేసి, ఊరు, తావు, లోతు, తేదీ వెంటనే వ్రాసుకొనవలెను. షేలును నీట కడుగరాదు, నానితే పొడిపొడి అవుతుంది. అక్కరకు మించి ఏరరాదు.

ఒక హెచ్చరిక. ఇంటి ముందు పరచిన నాపరాళ్ళపై నల్లని చెట్టుకొమ్మల వంటి గీతలు కనిపిస్తవి. అవి ఆకులు కావు. రాతి పగుళ్ళలోకి ఊరిన నీరు వదలిన మాంగనీసు మరకలు. సందేహం కలిగినప్పుడు విశ్వవిద్యాలయపు భూవిజ్ఞానశాఖవారికి చూపుట మంచిది.

బావి పూడినా, గుంట చదునైనా, ఆ పుట మూతపడినట్లే. అంతలోపల ఒక ఉపాధ్యాయుడో, విద్యార్థియో దానిని చదివి, ఊరిపేరుతో సహా వ్రాసి ఉంచినట్లయితే, 12 కోట్ల ఏండ్ల నాటి అల చెప్పిన మాట మన పిల్లలకు దక్కుతుంది.