తుప్పు పట్టని కారు

మా గరాజ్‌లో రెండు కార్లకి చోటుంది. మా ఆవిడ కారు మాత్రం నాలుగేళ్ళుగా మంచులోనే ఉంటోంది. కారణం 1976 నాటి షెవ్రలే కార్వెట్. ఇండియా నుంచి ఫోన్ చేసేవాళ్ళు ఇదివరకు "గ్రీన్ కార్డ్ వచ్చిందా?" అని మొదలుపెట్టేవారు. ఇప్పుడు "కారు కదిలిందా?" అంటున్నారు. రెండింటికీ ఒకటే జవాబు చెప్పాల్సొచ్చేది కొన్నాళ్ళు. ఇప్పుడు కారైతే కదిలింది.

కార్వెట్ సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. జనరల్ మోటార్స్ 1953లో మొదలుపెట్టిన స్పోర్ట్స్ కారు ఇది. ఆ మొదటి ఏడు తయారు చేసినవి 300 మాత్రమే, అవన్నీ మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌కి గంటలోపు దూరంలో ఉన్న ఫ్లింట్‌లో చేసినవే. దీని ప్రత్యేకత ఏమిటంటే పైన కనిపించే ఒళ్ళంతా ఇనుప రేకు కాదు, ఫైబర్‌గ్లాస్. అంటే గాజు పోగుల్ని రెజిన్‌లో తడిపి గట్టిపరిచిన పదార్థం. నా కారు మూడో తరానిది, 1968 నుంచి 1982 దాకా వచ్చిన రకం. ముందు భాగం సొరచేపలా పొడుగ్గా, నడుము సన్నగా, పడుకునే హెడ్‌లైట్లతో ఉంటుంది. 1976లో 46,558 కార్లు అమ్ముడుపోయాయి కాబట్టి అపురూపమైనదేం కాదు. ఇంజన్ 5.7 లీటర్లు, గుర్రాలు 180. ఇవాళ్టి ఫ్యామిలీ వేన్లు దీన్ని దాటేసి పోతాయి. ఈ మాట మా ఆవిడ రోజూ చెబుతుంది కనక మీరు చెప్పక్కర్లేదు.

2021 అక్టోబర్లో కొన్నాను. అప్పటికి నా రోజంతా ఒక బ్యాంకు వాళ్ళ పాత జావా కోడ్‌ని క్లౌడ్‌లోకి ఎక్కించడంలో గడిచేది. సాయంత్రానికి నేను చేసినదేదీ చేత్తో ముట్టుకోడానికి ఉండేది కాదు. కారు కొనడానికి ఇదొక సాకు. రెండో సాకు, "ఫైబర్ కదా, మిషిగన్ ఉప్పు రోడ్ల మీద తిరిగినా తుప్పు పట్టదు" అన్నది. ఈ రెండో సాకుకి ఎంత ఖర్చయిందో ముందు ముందు చెబుతాను.

మొదటి పాఠం బ్రేకులు నేర్పాయి. ఈ కారుకి నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులే, ఒక్కోదానిలో నాలుగేసి పిస్టన్లు, మొత్తం పదహారు. ఆ రోజులకి గొప్పే. కానీ కాలిపర్ లోపలి గొట్టాలు పోత ఇనుముతో చేసినవి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, ఆ తేమతో గొట్టాలు లోపల గరుకెక్కుతాయి, సీళ్ళు కోసుకుపోతాయి. దానికి తోడు డిస్క్ కొంచెం వంకరగా తిరిగినా పిస్టన్లు ముందుకీ వెనక్కీ ఊగుతూ, ఆ సీళ్ళ పక్కనించి గాలిని లోపలికి పీలుస్తాయి. బయటికి చుక్క కారకపోయినా లోపల గాలి చేరుతుంది. ఇవన్నీ తర్వాత తెలుసుకున్న సంగతులు. 2022 ఏప్రిల్లో ఒక ఉదయం మా కాలనీలో ఒక చుట్టు తిప్పొద్దామని బయల్దేరాను. స్టాప్ సైన్ దగ్గర పెడల్ నేలకంటా దిగిపోయింది. మూడుసార్లు తొక్కితే కాస్త పట్టుకుంది. కారు గీత దాటి సగం మలుపులో ఆగింది. ఎవరూ లేరు. అరగంట ముందు అదే మూల మీద మా పాపతో సహా ఏడెనిమిదిమంది పిల్లలు స్కూల్ బస్సు కోసం నిలబడి ఉన్నారు.

ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది కానీ చెప్పేశాను. "పాపని ఆ కారులో ఎక్కించనని మాటివ్వండి" అంది మా ఆవిడ. ఇచ్చాను. లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ తొడుగులు వేసి, పాత సీళ్ళకి బదులు ఓ-రింగులు పెట్టిన కాలిపర్లు నాలుగూ మార్చాను, మాస్టర్ సిలిండర్, గొట్టాలు కూడా. ఈ పనికి రెండు నెలల వారాంతాలు పట్టాయి. ఇలాంటి కారు ఎవరైనా కొంటే రంగుకంటే ముందు, ఇంజన్‌కంటే ముందు బ్రేకుల సంగతి చూసుకోమని నా మనవి.

ఇక ఫైబర్ దగ్గరికొద్దాం. వెనక ఎడమ ఫెండర్‌కి ఎప్పుడో దెబ్బ తగిలింది. ఎవరో వేలెడు మందాన లప్పం పూసి రంగు వేసేశారు. గీకితే కింద జానెడు పగులు. నాకు వెంటనే మా మావయ్య గుర్తొచ్చాడు. అమ్మకి తమ్ముడు. ఉప్పాడ దగ్గర ఫైబర్ బోట్లు రిపేరు చేస్తాడు. మన తీరంలో చెక్క తెప్పల స్థానంలో ఫైబర్ బోట్లు వచ్చాక ఆ పనికి బాగా గిరాకీ పెరిగింది. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఆ రెజిన్ వాసనకి ముక్కు మూసుకుని పారిపోయేవాణ్ణి. ఇప్పుడు ఆరువేల డాలర్ల కెమెరా పెట్టి పాఠాలు చెప్పే వీడియోలకంటే ఆయన వాట్సాప్‌లో చెప్పిందే ఎక్కువ పనికొచ్చింది.

"పగులు మీద అతుకు వెయ్యకురా అల్లుడూ. పగులుకి రెండు వైపులా పల్చగా వాలు వచ్చేలా గ్రైండింగ్ కొట్టు. ఎంత వాలుంటే అంత పట్టు" అన్నాడు. పుస్తకాల్లో దీన్నే లెక్క కట్టి చెబుతారు: పొర మందం ఎంతుంటే దానికి పన్నెండు రెట్ల వెడల్పు వాలు ఉండాలి. ఎనిమిదో తరగతి దాటని మావయ్య చెయ్యి పెట్టి చూపించిన వాలు కొలిస్తే దాదాపు అంతే వచ్చింది. తర్వాత "కోబాల్ట్ ఎంత కలుపుతున్నావు?" అని అడిగాడు. అక్కడ రెజిన్‌లో కోబాల్ట్ వేరే కలిపి, ఆపైన హార్డెనర్ పోస్తారు. ఆ రెండింటినీ నేరుగా ఒకదాన్లో ఒకటి పోస్తే భగ్గుమంటుంది. ఇక్కడ కోబాల్ట్ ముందే కలిపిన రెజిన్ డబ్బాలో వస్తుందని, హార్డెనర్ ఒక్కటి వందకి ఒకటి రెండు పాళ్ళు కలిపితే చాలని చెబితే, "అయితే పని సగం వాళ్ళే చేసిపెట్టారన్నమాట" అని కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

ఆయన చెప్పినట్టే పాలిస్టర్ రెజిన్‌తో మూడు పొరల మ్యాట్ వేసి, రోలర్‌తో బుడగలు తీశాను. అద్భుతంగా గట్టిపడింది. మూడు వారాల తర్వాత ఆగస్టు ఎండలో ఆ అతుకు అంచు లేచింది, వేలు దూర్చి లాగితే అప్పడంలా మొత్తం ఊడొచ్చింది.

తప్పు మావయ్యది కాదు, నాది. మొదటి తరాల కార్వెట్లు మామూలు ఫైబర్‌గ్లాస్‌వే. 1973 ప్రాంతం నుంచి మాత్రం ఎస్.ఎమ్.సి. అనే రకం వాడారు. గాజు పోగులూ, రెజిన్, పిండిలాంటి పూరకం కలిపిన పలకని వేడి అచ్చులో పెట్టి నొక్కుతారు. అచ్చుకి అంటుకోకుండా జారే పదార్థం అందులోనే కలుపుతారు. అచ్చుకి అంటుకోనిది నా రెజిన్‌కి మాత్రం ఎందుకు అంటుకుంటుంది? దీనికి ఎపాక్సీ వాడాలి. సరే, డబ్బాలో మిగిలిన మ్యాట్‌నే ఎపాక్సీతో తడుపుదామంటే అది తడవదు. ఎందుకంటే ఆ మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే జిగురు చాలావరకు పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్‌కి కరిగేలా చేసింది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు. కుట్టిన గుడ్డ కొనాలి. మావయ్యకి ఇదంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "మా బోట్లకి ఆ తలనొప్పి లేదులే. వాలు మాత్రం నేను చెప్పినట్టే కొట్టు" అన్నాడు.

మధ్యలో దగ్గాడు. ఆ దగ్గు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు, ఈ మధ్య మరీ ఎక్కువైంది. నేను గ్రైండర్ పట్టుకునే ముందు రెండు ఫిల్టర్ల మాస్కు, కళ్ళద్దాలు, ఒళ్ళంతా కప్పే తెల్ల సూటు వేసుకుంటాను. అయినా ఆ గాజు పొడి మెడ దగ్గర రెండ్రోజులు దురద పెడుతుంది. ఆయన పాతికేళ్ళుగా ముక్కుకి తువ్వాలు కట్టుకుని చేస్తున్నాడు. నాలుగు మాస్కులు, ఫిల్టర్లు పంపాను. "ఈ ఎండలో అది పెట్టుకుంటే ఊపిరాడదురా" అన్నాడు. అడిగినప్పుడల్లా అదే జవాబు.

2023 జనవరిలో నా ప్రాజెక్టు ఆగిపోయింది. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి అరవై రోజుల లెక్క గురించి నేను చెప్పక్కర్లేదు. పదిహేనో రోజున కారు అమ్మకానికి పెట్టాను. ఒక తెల్లాయన వచ్చాడు, అరవై ఏళ్ళుంటాయి. ఫెండర్‌కేసి చూడనుకూడా చూడలేదు. తిన్నగా తలుపు తీసి, డాష్‌బోర్డు కింద కాళ్ళ పక్కనున్న ప్లాస్టిక్ మూత ఊడదీసి, టార్చి వేసి, స్క్రూడ్రైవర్‌తో ఓ పోటు పొడిచాడు. గోధుమరంగు పెళుసులు రాలాయి. "బర్డ్‌కేజ్ పోయింది" అని, నేను తొమ్మిది వేలకి కొన్న కారుకి నాలుగు వేలు ఇస్తానన్నాడు.

సంగతేమిటంటే ఫైబర్ ఒళ్ళు తుప్పు పట్టదు, నిజమే. కానీ అద్దం చుట్టూ, తలుపుల స్తంభాల్లో ఆ ఒళ్ళుని పట్టి నిలబెట్టేది ఒక ఇనుప పంజరం. ముందు అద్దం కింది మూలల్లో నీరు దిగి, లోలోపల ఆ పంజరాన్ని తినేస్తుంది. ఇనుప కారైతే పైకి బుడగలొచ్చి చెబుతుంది. ఇది పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. నేను కొనేటప్పుడు కింద పాకి ఛాసిస్ చూసుకుని మురిసిపోయాను, ఆ ప్లాస్టిక్ మూత మాత్రం విప్పలేదు.

నలభై ఏడో రోజున వేరే ప్రాజెక్టు దొరికింది. నాలుగు వేలకి ఇవ్వబుద్ధి కాలేదు. పక్కింటి పెద్దాయన కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు వెల్డింగ్ చేసి రిటైరయ్యాడు. ఆ వేసవిలో ముందు అద్దం తీసేసి, తడి దుప్పట్లు కప్పి, కుళ్ళిన ముక్కలు కోసి కొత్తవి అతికాడు. ఫైబర్ అంటుకోకుండా నేను నీళ్ళ సీసాతో కాపలా. డబ్బు తీసుకోలేదు, మా ఆవిడ చేసిన గుత్తివంకాయ కూర మాత్రం డబ్బా ఖాళీ అయ్యాక మళ్ళీ అడిగాడు.

ఈ కారులో నా చదువు పనికొచ్చిన చోటు కరెంటు. ఇనుప కారులో బాడీయే నెగటివ్ తీగ. బల్బుకి ఒక తీగ వస్తే చాలు, తిరుగుదారి రేకులోంచే. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి ప్రతి బల్బుకీ ఛాసిస్ దాకా తిరుగు తీగ ఉండాలి. అందులో ఒక్క స్క్రూ తుప్పు పట్టినా కరెంటు ఇంకో బల్బులోంచి దారి వెతుక్కుంటుంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసగ్గా వెలిగేది. రెండు వారాలు స్విచ్చిల్ని అనుమానించాను. చివరికి మల్టీమీటర్ ఒక మొన బల్బు తొడుగుకి, ఇంకోటి బ్యాటరీ నెగటివ్‌కి పెడితే మూడు వోల్టులు చూపించింది. అక్కడ సున్నాకి దగ్గర్లో ఉండాలి. స్క్రూ గీకి బిగించాను. ఖర్చు ఒక గరుకు కాగితం.

2024లో కార్బురేటర్ తీసి ఫ్యూయెల్ ఇంజెక్షన్ పెట్టాను. అసలు రూపం మార్చడం పాపమనేవాళ్ళున్నారు. వాళ్ళ కోసం పాత కార్బురేటర్‌ని నూనె గుడ్డలో చుట్టి దాచాను. ఇంజెక్షన్‌కి పెట్రోలు ఒత్తిడి దాదాపు పది రెట్లు ఎక్కువ కావాలి, పాత పంపు, పాత రబ్బరు గొట్టాలు పనికిరావు, అవన్నీ మార్చాలి. లోపల ఉండేది మాత్రం మనకి పరిచయమైనదే. ఇంజన్ వేగం ఒకవైపు, ఒత్తిడి ఒకవైపు ఉన్న ఒక పట్టిక. పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ చెప్పేదాన్నిబట్టి ఆ గళ్ళని అదే సవరించుకుంటుంది. చలికాలం ఉదయాన ఒక్క తిప్పుకి స్టార్టయినప్పుడు పక్కింటాయన చప్పట్లు కొట్టాడు.

కిందటి జూన్‌లో మా ఆవిడే పాపని తీసుకొచ్చి కారులో కూర్చోబెట్టింది. ముందు తను ఒక్కతీ వెళ్ళి కాలనీలో బ్రేకులు తొక్కి చూసుకొచ్చింది, ఆరుసార్లు. పాపకి అన్నిటికంటే నచ్చింది హెడ్‌లైట్లు. ఇంజన్ పీల్చే గాలి ఒత్తిడితోనే అవి లేస్తాయి. ఎక్కడో గొట్టం కారుతున్నట్టుంది, కుడిది ఎడమదానికంటే రెండు క్షణాలు ఆలస్యం. "నిద్దర లేస్తోంది" అంటుంది. అది బాగుచెయ్యొద్దని పట్టు.

ఎపాక్సీ వేసిన ఫెండర్ ఫొటో మావయ్యకి పంపాను, రంగు వేశాక, నిగనిగలాడేది. "పైన కాదురా, వెనకవైపు చూపించు" అన్నాడు. చక్రం తీసి, కింద పడుకుని, టార్చి పెట్టి తీసి పంపాను. తెల్లారేసరికి జవాబు. ఫొటో మీద వేలితో ఒక గుండ్రం గీశాడు. "ఆ మూల బుడగ ఉంది. నీళ్ళు పడితే అక్కడ్నించే విడుతుంది. కొట్టేసి మళ్ళీ వెయ్యి."

వెళ్ళి చూశాను. పావలా బిళ్ళంత ఉంది. గరాజ్‌లో ఇప్పుడు నలభై డిగ్రీల ఫారెన్‌హీట్, నా దగ్గరున్న ఎపాక్సీ ఈ చలికి గట్టిపడదు. ఏప్రిల్ దాకా ఆగాలి. ఈలోగా మాస్కు పెట్టుకున్న ఫొటో ఒకటి పంపమని ఆయన్ని అడిగాను. ఇంకా రాలేదు.