టైఫాయిడ్ క్రిమి తొడుక్కున్న చక్కెర చొక్కా

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో వినిపించే ప్రశ్న: “అక్కడ నీళ్లు ఎలా ఉంటాయట?” పిల్లలూ, ఆ ప్రశ్న వెనక ఉన్న భయాల్లో ఒకటి టైఫాయిడ్. కలుషితమైన నీటివల్ల, ఆహారంవల్ల వచ్చే జ్వరమిది. దీనికి కారణమైన సాల్మొనెల్లా టైఫి అనే బాక్టీరియా ఒంటిమీద చక్కెర అణువుల గొలుసులతో అల్లిన పొర ఉంటుంది. ఇలాంటి గొలుసును పాలీశాకరైడ్ అంటారు. 1934లో ఫెలిక్స్, పిట్ అనే శాస్త్రవేత్తలు ఈ పొరను గుర్తించి ‘వి.ఐ.’ అని పేరుపెట్టారు. మన శరీర రక్షణ వ్యవస్థకు దొరక్కుండా క్రిమిని దాచే చొక్కా ఇదే. ఆ చొక్కానే గుర్తుపట్టడం శరీరానికి ముందుగా నేర్పితే అది టీకా అవుతుంది. అందుకు దాని అల్లిక తెలియాలి.

కంటికి కనబడని అల్లికను ఎలా తెలుసుకుంటారు? ముందు క్రిములను పెంచి, పొరను వేరుచేసి, శుద్ధి చేస్తారు. సాధారణంగా ఇలాంటి గొలుసులను ఆమ్లంతో ముక్కలుచేసి, ఏయే చక్కెరలు ఉన్నాయో చూస్తారు. ఏ పూస ఏ పూసకు ఎక్కడ అతికిందో తెలియడానికి మరో ఉపాయం ఉంది. తెంపకముందే గొలుసులో ఖాళీగా ఉన్న చోట్లకు మిథైల్ గుర్తులు తగిలిస్తారు. తెంపాక ఏ చోట గుర్తు లేదో చూసి, అతుకు ఎక్కడ ఉండేదో పోల్చుకుంటారు.

వి.ఐ. గొలుసు మాత్రం ఆమ్లానికి అంత తేలిగ్గా తెగదు. అందుకే తెంపకుండా చదవగలిగే ఎన్.ఎం.ఆర్. యంత్రం ఇక్కడ బాగా పనికొస్తుంది. బలమైన అయస్కాంతంలో ఉంచి రేడియో తరంగాలు పంపితే, హైడ్రోజన్, కార్బన్ పరమాణువులు తమ ఇరుగుపొరుగు ఎవరో తెలిపే సంకేతాలిస్తాయి.

తేలినదేమిటంటే, ఇది ఒకే రకం చక్కెర ఆమ్లం మళ్లీ మళ్లీ వచ్చే గొలుసు. చాలా పూసల్లో మూడో కార్బన్ దగ్గర, ఆక్సిజన్‌కు తగులుకుని అసిటైల్ అనే చిన్న సమూహం ఉంటుంది. తెలుగు తరగతిలో మనం చూశాం కదా, ‘కాలం’లో దీర్ఘం తీసేస్తే ‘కలం’ అవుతుంది. అలాగే ఆ అసిటైల్ పోతే గొలుసంతా మిగిలినా టీకాగా దాదాపు పనిచేయదు. అందుకే టీకా తయారీలో అసిటైల్ ఎంత ఉందో కొలిచి చూస్తారు.

ఈ గొలుసు ఒక్కటే ఇస్తే రెండేళ్లలోపు పసివాళ్లలో సరిగా పనిచేయదు. దాన్ని ఒక ప్రోటీన్‌కు జతచేస్తే వాళ్లకూ రక్షణ ఇస్తుంది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ అలా తయారుచేసిన టీకాకు 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు లభించింది.

ఈసారి సామాను సర్దేటప్పుడు టీకా కార్డు పైకే పెట్టుకుందాం. టీకా వేయించుకున్నా, కొత్త ఊళ్లో నీళ్లు కాచి తాగడం మాత్రం మానొద్దు.