యూనిట్ 9: హెవీ డ్యూటీ పికప్ ట్రక్కుకు తగిన ట్రిమ్‌ను ఎంచుకోవడం

9.1 పరిచయం

ఒకే ఉత్పత్తిని నాలుగైదు ధరల మెట్లుగా విడదీసి అమ్మడం తయారీదారునికి ఎలా లాభసాటి అవుతుందో వాణిజ్యశాస్త్ర విద్యార్థులైన మీకు తెలుసు. ఈ యూనిట్‌లో అదే విషయాన్ని కొనేవాడి వైపు నుంచి పరిశీలిద్దాం. ఉదాహరణగా అమెరికాలో అమ్ముడయ్యే హెవీ డ్యూటీ పికప్ ట్రక్కును తీసుకున్నాం. మన దగ్గర కారు కొనేటప్పుడు 'వేరియంట్' అనే మాటను వాడతాం. అక్కడ దానినే 'ట్రిమ్' అంటారు.

ఈ ఉదాహరణను ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. సాధారణంగా ఎక్కువ డబ్బు పెడితే ఎక్కువ సామర్థ్యం వస్తుందని మనం అనుకుంటాం. ఈ ట్రక్కుల విషయంలో చాలాసార్లు దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. పై ట్రిమ్‌కు వెళ్ళేకొద్దీ బండి మోయగల బరువు తగ్గుతుంది. ఈ సంగతి తెలియక కొన్నవారు రోడ్డు మీద ప్రమాదాన్ని వెంటబెట్టుకుని తిరుగుతారు.

9.2 తరగతి వేరు, ట్రిమ్ వేరు

ముందుగా ఈ రెండు మాటలను విడదీసి చూడాలి. ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500, షెవర్లే సిల్వరాడో 2500 ఒక తరగతి. ఎఫ్-350, రామ్ 3500, సిల్వరాడో 3500 దానికి పై తరగతి. వాడుకలో వీటిని ముప్పావు టన్ను, ఒక టన్ను బళ్ళు అంటారు. అవి పాతకాలపు పేర్లు, నేటి బళ్ళు మోసే బరువుకూ ఆ పేర్లకూ సంబంధం లేదు. స్ప్రింగులు, వెనుక యాక్సిల్, టైర్లు, వాటి మీద ఆధారపడిన బరువు పరిమితి ఇవన్నీ తరగతికి సంబంధించినవి.

ఒక్కొక్క తరగతిలోనూ ట్రిమ్‌లు ఉంటాయి. ఫోర్డ్‌లో ఎక్స్‌ఎల్, ఎక్స్‌ఎల్‌టీ, లారియట్, కింగ్ రాంచ్, ప్లాటినం అని మెట్లు. రామ్‌లో ట్రేడ్స్‌మన్‌తో మొదలై బిగ్ హార్న్, లారమీ మీదుగా లిమిటెడ్ వరకు పోతుంది. షెవర్లేలో డబ్ల్యూటీ, ఎల్‌టీ, ఎల్‌టీజెడ్, హై కంట్రీ. డబ్ల్యూటీ అంటే 'వర్క్ ట్రక్', అనగా పని బండి. ఆ పేరులో దాపరికం లేదు. అడుగు ట్రిమ్‌కూ పై ట్రిమ్‌కూ మధ్య ధర తేడా 30 వేల డాలర్లకు పైగా ఉండవచ్చు. అదే ట్రిమ్‌లో 2500 నుంచి 3500కు మారితే తేడా సాధారణంగా ఒకటి రెండు వేల డాలర్లే. ఈ రెండు అంకెలనూ గుర్తుంచుకోండి.

9.3 తలుపు పక్కన అంటించిన చీటీ

కొన్నేళ్ళ క్రితం టెక్సాస్‌లో మా అమ్మాయి ఇంట్లో మూడు నెలలు ఉన్నాను. మా అల్లుడి స్నేహితుడు ఒకతను, ప్రకాశం జిల్లా వాడు, ఉద్యోగం చేసుకుంటూనే ఊరి బయట కొంత భూమి కొన్నాడు. ట్రాక్టరును ట్రైలర్ మీద ఎక్కించి తిప్పడానికి 2500 తరగతిలో పై ట్రిమ్, డీజిల్ ఇంజన్ ఉన్న ట్రక్కు తీసుకున్నాడు. తోలు సీట్లు, పైన గాజు కప్పు, తలుపు తీస్తే తనంతట తానే కిందికి దిగే మెట్టు. ఆ బండి చూడముచ్చటగా ఉంది. ఒకరోజు ట్రైలర్ తగిలించుకుని బయలుదేరితే ట్రక్కు వెనుక భాగం బాగా కుంగిపోయింది. హెడ్‌లైట్ల వెలుగు పైకి లేచి ఎదురుగా వచ్చేవారి కళ్ళలో పడుతోంది. బ్రేకు వేస్తే బండి ఆలస్యంగా ఆగుతోంది.

"అంకుల్, ఇది 20 వేల పౌండ్లు లాగుతుందని షోరూంలో చెప్పారు. నా లోడు 11 వేలే కదా!" అన్నాడు.

"లాగుతుంది బాబూ. మోయగలదా అన్నది చూశావా?" అని అడిగాను.

డ్రైవర్ వైపు తలుపు తెరిచి, చట్రం మీద అంటించిన చీటీని ఇద్దరం చదివాం. బండి స్థూల బరువు పరిమితి 10 వేల పౌండ్ల వరకు ఉన్న వాహనాలకు అమెరికా చట్టం ప్రకారం ఈ చీటీ తప్పనిసరి. మనుషులూ సామానూ కలిపి ఇంత బరువుకు మించరాదని దాని మీద రాసి ఉంటుంది. ఆ అంకె ఆ ఒక్క బండికే వర్తిస్తుంది. అందువల్ల కరపత్రంలోని పెద్ద అంకె కంటే ఇదే నమ్మదగినది. అతని చీటీ మీద ఉన్నది 2,300 పౌండ్లు.

9.4 లాగడం, మోయడం

రెండెడ్ల బండి ఎక్కినవారికి ఈ భాగం సులభంగా అర్థమవుతుంది. బండిలో బస్తాలను ముందువైపు ఎక్కువగా పేరిస్తే ఆ బరువు కాడి మీదుగా ఎడ్ల మెడల మీద పడుతుంది. వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. ఎడ్లు బండి బరువునంతా లాగుతాయి గానీ, అందులో కొంత భాగాన్ని మాత్రమే మెడ మీద మోస్తాయి. ట్రక్కు, ట్రైలర్ల సంబంధం కూడా ఇంతే. వెనుక బంపరు దగ్గర తగిలించే ట్రైలర్ తన బరువులో సుమారు 10 నుంచి 15 శాతాన్ని ట్రక్కు మీద మోపుతుంది. ట్రక్కు తొట్టి మధ్యలో తగిలించే గూస్‌నెక్, ఫిఫ్త్ వీల్ రకాలలో ఇది ఇంకా ఎక్కువ. వీటికి 20 శాతం లెక్కవేసుకోవడం మంచిది.

మా అల్లుడి స్నేహితునిది గూస్‌నెక్. 11,000లో 20 శాతం 2,200 పౌండ్లు. చీటీ మీద ఉన్నది 2,300. ఇక మిగిలినది 100 పౌండ్లు, అంటే 45 కిలోలు. చీటీ లెక్కలో డ్రైవర్ కూడా బరువే. అనగా ఆ లోడుతో ఆ బండిని అతను తోలడానికి కూడా వీల్లేదు! ట్రక్కుల కాటాకు తీసుకుపోయి తూయిస్తే మా లెక్కే నిజమని తేలింది.

మరి ఆ సామర్థ్యం ఎక్కడికి పోయింది? సూత్రం చాలా చిన్నది.

మోయగల బరువు = స్థూల బరువు పరిమితి – ఖాళీ బండి బరువు

ఆ తరగతిలోని చాలా బళ్ళకు స్థూల పరిమితి 10,000 పౌండ్లు (సుమారు 4,536 కిలోలు). ఈ గీతకు చట్టంలో ప్రాముఖ్యం ఉంది. 10,001 పౌండ్లు, ఆపైన పరిమితి ఉన్న బండిని వ్యాపారం కోసం రాష్ట్రాలు దాటించి నడిపితే అది ఫెడరల్ నిబంధనల కింద వాణిజ్య వాహనం అవుతుంది. ట్రైలర్‌తో కలిపి ఆ అంకె దాటినా అంతే. పరిమితి ఇలా ఒకచోట నిలిచిపోయినప్పుడు బండికి చేర్చిన ప్రతి వస్తువూ మోయగల బరువు నుంచే తీసివేతకు వస్తుంది. డీజిల్ ఇంజన్ పెట్రోలు ఇంజన్ కంటే కొన్ని వందల పౌండ్లు ఎక్కువ తూగుతుంది. గాజు కప్పు, మోటారు మెట్లు, మోటారు సీట్లు, పెద్ద చక్రాలు అన్నీ కలిసి మరికొన్ని వందలు.

అవగాహన కోసం మూడు బళ్ళను ఊహించుకుందాం. మూడింటి పరిమితీ 10,000 పౌండ్లే. అడుగు ట్రిమ్, పెట్రోలు: ఖాళీ బరువు 6,700, మోయగలది 3,300. అడుగు ట్రిమ్, డీజిల్: 7,300, మోయగలది 2,700. పై ట్రిమ్, డీజిల్: 7,700, మోయగలది 2,300. ఇప్పుడు ట్రైలర్ మోపే 2,200కు ఇద్దరు మనుషులు 350, కొక్కెం సామగ్రి 150, పనిముట్లు 100 కలపండి. మొత్తం 2,800. అన్నిటికంటే చౌక బండి ఒక్కటే ఈ పరీక్షలో నెగ్గింది. ఖరీదైనది 500 పౌండ్లతో తప్పింది.

అయితే అందరూ పెట్రోలు బండే కొనాలని దీని అర్థం కాదు. కొండదారుల్లో బరువు లాగేవారికి డీజిల్ బలమూ, దిగుడులో ఇంజన్‌తోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకూ ఎంతో అవసరం. అలాంటివారు 2500లో పై ట్రిమ్ మీద పెట్టే డబ్బులో కొద్ది భాగంతో 3500కు వెళ్ళవచ్చు. ఫోర్డ్, రామ్, షెవర్లే మూడూ అడుగు ట్రిమ్‌లో కూడా డీజిల్ ఇంజన్‌ను ఇస్తాయి. దానికి అదనంగా సుమారు 10 వేల డాలర్లు అవుతుంది. కానీ ఇంజన్ కోసం తోలు సీట్లు కొనవలసిన పని లేదు. లాగే శక్తిని నిర్ణయించే యాక్సిల్ నిష్పత్తి (3.73, 4.10 వంటివి) కూడా సాధారణంగా ట్రిమ్‌తో పని లేకుండా ఎంచుకోదగినదే.

9.5 పై ట్రిమ్ దేనికి పనికివస్తుంది?

1849లో ఫ్రెంచ్ ఇంజనీరు జూల్ డుప్వీ రైలు పెట్టెల గురించి ఒక మాట రాశాడు. మూడో తరగతి పెట్టెలకు కప్పు వేయకపోవడం ఖర్చుకు వెనుకాడి కాదు, రెండో తరగతి టికెట్టు కొనగలవారు మూడో తరగతిలోకి దిగకుండా చూడడానికే అని దాని సారాంశం. ట్రిమ్‌ల పట్టికను ఆ దృష్టితో చదవండి. ట్రైలర్‌ను వెనక్కి నడిపేటప్పుడు దారి చూపే కెమెరాల వంటి పనికొచ్చే సదుపాయాన్ని విడిగా ఇవ్వక, అక్కర్లేని నాలుగు వస్తువులతో కలిపి ప్యాకేజీగా కట్టడం తరచు కనిపిస్తుంది.

అలాగని పై మెట్లన్నీ ఆడంబరమని కొట్టివేయలేం. రోజుకు ఎనిమిది గంటలు తోలేవాడికి మంచి సీటు విలాసం కాదు, నడుముకు రక్షణ. మరోవైపు బురదలో పనిచేసేవాడికి అడుగు ట్రిమ్‌లోని వినైల్ నేలే మేలు, నీళ్ళు పోసి కడిగేయవచ్చు. చిన్న చక్రాల టైర్లు సాధారణంగా చౌక కూడా. నా అభిప్రాయంలో సొంత పనికి, కుటుంబానికి ఒకే బండి వాడుకునేవారికి ఎక్స్‌ఎల్‌టీ, బిగ్ హార్న్, ఎల్‌టీ వంటి రెండో మెట్టు సరిపోతుంది. రామ్ పవర్ వాగన్ వంటివి మాత్రం వేరే కోవకు చెందుతాయి. రాళ్ళదారుల కోసం మెత్తని స్ప్రింగులు అమర్చిన బండి అది. పేరు గంభీరంగా ఉన్నా సాటి 2500ల కంటే తక్కువ మోస్తుంది.

మా అల్లుడి స్నేహితుడు ఎనిమిది నెలలకే ఆ బండిని మార్చి, కింది ట్రిమ్‌లో 3500 తీసుకున్నాడు. ఎంత నష్టం వచ్చిందో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు.

9.6 అభ్యాసం

(అ) మీ ఊరిలోని ఒక పికప్ లేదా మినీ ట్రక్కు ఆర్‌సీని పరిశీలించండి. అందులో ఖాళీ బరువు, స్థూల బరువు రెండూ ఉంటాయి. తేడాను లెక్కించి, ఆ బండి మామూలుగా మోసే సరుకు బరువుతో పోల్చండి. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, మించిన ప్రతి టన్నుకు మరో 2,000 రూపాయలు. బండి యజమానికి ఇది తెలుసో లేదో అడిగి రాయండి.

(ఆ) ఒక ట్రక్కు స్థూల పరిమితి 10,000 పౌండ్లు, ఖాళీ బరువు 7,450. కొన్న తరువాత 180 పౌండ్ల పనిముట్ల పెట్టె బిగించారు. ఇది తలుపు చీటీ లెక్కలో చేరదు. ముగ్గురు మనుషుల బరువు 520. గూస్‌నెక్ ట్రైలర్ 20 శాతం మోపుతుందనుకుంటే, ఈ బండికి తగిలించదగిన ట్రైలర్ గరిష్ఠ బరువు ఎంత? కరపత్రంలో 18,000 అని ఉంటే, ఆ అంకెకూ మీ అంకెకూ తేడా ఎందుకు వచ్చిందో పది వాక్యాలలో వివరించండి.