సిలోయము గోపురం, లిబ్రెవిల్ సముద్రం

1993 ఏప్రిల్ 27. సెనెగల్‌తో ప్రపంచకప్ అర్హత మ్యాచ్ ఆడడానికి జాంబియా జాతీయ ఫుట్‌బాల్ జట్టు సైనిక విమానంలో బయలుదేరింది. దారిలో గబాన్ దేశంలోని లిబ్రెవిల్‌లో ఆగింది. మళ్లీ గాలిలోకి లేచిన కొద్దిసేపటికే సముద్రంలో కూలిపోయింది. విమానంలోని 30 మందీ చనిపోయారు. వారిలో ఆటగాళ్లు 18 మంది. ఒకప్పటి గొప్ప స్ట్రైకర్, అప్పటి కోచ్ గాడ్‌ఫ్రే చిటాలు కూడా వారిలో ఒకడు.

ఆ జట్టులో మరో స్ట్రైకర్ కలుషా బ్వాల్యా. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఇటలీపై మూడు గోల్స్ కొట్టి, ఆ ఏడాది ఆఫ్రికా ఉత్తమ ఫుట్‌బాలర్‌గా ఎంపికైన వాడు. నెదర్లాండ్స్‌లో పీఎస్‌వీ క్లబ్‌కు ఆడుతున్నందున ఆయన నేరుగా సెనెగల్ చేరాల్సి ఉంది. అందుకే ఆ విమానం ఎక్కలేదు, బతికాడు.

మన సంఘాల్లో సాక్ష్యాలు వింటుంటాం. 'నేను ఎక్కాల్సిన బస్సే లోయలో పడింది, దేవుడు నన్ను తప్పించాడు' అంటారు. స్తోత్రం చెల్లించడం మంచిదే. కానీ ఆ బస్సులో కొడుకును పోగొట్టుకున్న తల్లి వెనుక వరుసలో కూర్చుని ఉంటే? ఆమె ప్రార్థనను దేవుడు వినలేదా? ఆమె కొడుకు నాకంటే పాపాత్ముడా?

ఈ ప్రశ్న యేసుప్రభువు ముందుకు కూడా వచ్చింది. సిలోయములో గోపురం కూలి చనిపోయినవారు యెరూషలేములోని మిగతా వారికంటే ఎక్కువ అపరాధులని అనుకుంటున్నారా అని ప్రభువే అడిగి, కాదని తేల్చి చెప్పాడు (లూకా 13వ అధ్యాయం). వారు కూడా 18 మందే! చనిపోయినవారి లెక్కలు తీయడం మాని, బతికి ఉన్న మీరు మారుమనస్సు పొందండి అన్నాడు. ఆ వెంటనే ఫలించని అంజూరపు చెట్టు ఉపమానం చెప్పాడు. ఆ చెట్టుకు మరొక్క ఏడాది గడువు దొరికింది. అది దాని గొప్పతనానికి బహుమతి కాదు, ఫలించడానికి ఇచ్చిన అవకాశం.

కలుషాకు కూడా గడువు దొరికింది. సహచరులను లుసాకాలో ఇండిపెండెన్స్ స్టేడియం పక్కనే సమాధి చేశారు. కొత్త కుర్రాళ్లతో కట్టిన జట్టుకు ఆయన నాయకుడయ్యాడు. 1994లో ఆ జట్టు ఆఫ్రికా కప్ ఫైనల్ చేరి, నైజీరియా చేతిలో 2-1తో ఓడింది. 2003లో ఆయన జాతీయ జట్టు కోచ్ అయ్యాడు. 2006 ప్రపంచకప్‌కు జట్టు చేరలేదు, ఆ ఏడాది ఆఫ్రికా కప్‌లోనూ తొలి దశలోనే వెనుదిరిగింది. ఆయన పదవి వదిలాడు. 2008లో దేశ ఫుట్‌బాల్ సంఘానికి అధ్యక్షుడయ్యాడు.

2012 ఫిబ్రవరి 12. ఆఫ్రికా కప్ ఫైనల్, అదే లిబ్రెవిల్‌లో! మ్యాచ్‌కు ముందు జాంబియా ఆటగాళ్లు సముద్రతీరానికి వెళ్లి పూలు ఉంచారు. ఐవరీకోస్ట్‌పై పెనాల్టీల్లో 8-7తో గెలిచారు. జాంబియాకు అదే తొలి ఆఫ్రికా కప్.

ఎజ్రా గ్రంథంలో కొత్త మందిరానికి పునాది వేసిన రోజున, పాత మందిరాన్ని చూసిన వృద్ధులు ఏడ్చారు, ఇతరులు ఆనందంతో కేకలు వేశారు. ఏది ఏడుపో ఏది సంతోషమో ఎవరికీ తెలియలేదు. లిబ్రెవిల్‌లో ఆ రాత్రి కూడా అలాంటిదే. కప్పు వచ్చింది గాని పోయినవారు తిరిగి రాలేదు.

ప్రియ చదువరీ! నీవు తప్పించబడి ఉంటే గర్వించకు. పోయినవారి ఇంటికి వెళ్లు, వారి పక్కన కూర్చో, వారు మోయలేని పనిలో ఒక చెయ్యి వెయ్యి. నీకు దొరికిన ఏడాదికి ప్రభువు ఎదురుచూసే ఫలం అదే.